సగంలో ఆగిన పాత గేమింగ్ కంప్యూటర్: మిగిలిన భాగాల ఎంపికలో ఏది ముందు, ఏది వెనుక

పాత ఆటల కోసం పాత కంప్యూటర్‌ను మళ్లీ నిలబెట్టాలనుకునేవారి పని సాధారణంగా సగంలో ఆగిపోతుంది. క్యాబినెట్ దొరుకుతుంది, మదర్‌బోర్డు, ప్రాసెసర్ ఎవరి అటక మీది నుంచో దిగివస్తాయి, వాటితోపాటే 128 ఎంబీ ర్యామ్ కూడా వస్తుంది. ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు ఏది, సౌండ్ కార్డు ఏది, ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) కొత్తదా పాతదా అనే ప్రశ్నల దగ్గర నెలలు గడిచిపోతాయి. బెంగళూరు తెలుగువారి ఇళ్లలో ఇలాంటి సగం యంత్రాలకు కొదవలేదు. 2000 ప్రాంతంలో అనంతపురం, చిత్తూరు, కర్నూలు నుంచి ఉద్యోగాలకు వచ్చినవారు కొనుక్కున్న తొలి అసెంబుల్డ్ కంప్యూటర్లు ఇప్పుడు వారి పిల్లల చేతికి వస్తున్నాయి.

పని ఆగడానికి అసలు కారణం భాగాలు దొరకకపోవడం కంటే, ఒక్కో భాగాన్ని విడిగా పెట్టుకుని దానిలో ‘అన్నిటికంటే మేలైనది’ వెతకడం. మిగిలిన భాగాల విషయంలో సగం తీర్పు బోర్డు మీది స్లాట్లు (కార్డులు దిగే చోట్లు) ముందే చెప్పేసి ఉంటాయి. మిగతా సగం ఆడదలచిన ఆటలు ఏ సంవత్సరాలవో అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కొనవలసిన వస్తువుల జాబితా ఆశ్చర్యం కలిగించేంత చిన్నదవుతుంది.

చర్చ గాలిలో సాగకుండా ఒక యంత్రాన్ని ఎదురుగా పెట్టుకుందాం. ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ (బోర్డు భాగాలను కలిపి నడిపే చిప్‌లు) ఉన్న బోర్డు, దాని మీద ప్రాసెసర్ కూర్చునే స్లాట్ 1లో 500 మెగాహెర్ట్జ్ పెంటియం 3. చిప్‌సెట్ 1998లో, ప్రాసెసర్ 1999 తొలి నెలల్లో వచ్చాయి. బోర్డు మీద గ్రాఫిక్స్ కోసం ఒక ఏజీపీ స్లాట్, ఇతర కార్డులకు నాలుగైదు పీసీఐ స్లాట్లు, అడుగున అంతకంటే పాత రకం కార్డులకు రెండు నల్లటి పొడవాటి ఐఎస్ఏ స్లాట్లు ఉన్నాయి. దీని విలువ ఆ చివరి రెండింటిలోనే ఉంది. 2000 తర్వాతి బోర్డుల్లో ఐఎస్ఏ దాదాపు కనుమరుగైంది. డాస్ (విండోస్‌కు ముందటి వ్యవస్థ) ఆటల శబ్దానికి అంతకంటే నమ్మకమైన దారి మరొకటి లేదు కనుక, ఈ బోర్డు ఉన్నవారు దాన్ని పెంటియం 4తో మార్చుకోవాలనే ఆలోచన మానుకోవడం మంచిది.

ఈ యంత్రం ఏ ఆటలకు సరిపోతుందో కూడా చూడాలి. విండోస్ 98 రెండో ఎడిషన్ మీద 1996 నుంచి 2000 వరకు వచ్చిన ఆటలు దీనికి సొంత ఇల్లు. 2003లో కంప్యూటర్‌కు వచ్చిన వైస్ సిటీకి కనీసం 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ కావాలి కాబట్టి అది దీని పరిధి దాటిపోయింది. దాని కోసం ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పెట్టినా బండి కదలదు. అటువైపు 1990 నాటి డాస్ ఆటల సంగతి తిరగబడుతుంది. కొన్ని ఆటలు తమ వేగాన్ని గడియారంతో కాకుండా ప్రాసెసర్ వేగంతో ముడిపెట్టుకున్నాయి. 1990 నాటి వింగ్ కమాండర్ ఇలాంటి యంత్రం మీద ఆడే మనిషి చేతికి అందనంత వేగంగా పరుగెడుతుంది. టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ సాధనంతో రాసిన చాలా ప్రోగ్రాములు సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్ మీద మొదలవుతూనే ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ చూపి ఆగిపోతాయి. ప్రోగ్రాము తెరుచుకునేటప్పుడు ప్రాసెసర్ వేగాన్ని కొలిచే లెక్కలో భాగహారం ఫలితం తనకు కేటాయించిన చోటులో పట్టకపోవడమే ఇందుకు కారణం. దీనికి సరిచేసే ప్యాచ్‌లు ఉన్నాయి. వేగం మితిమీరే మొదటి రకానికి మాత్రం బయాస్‌లో (బోర్డు సెట్టింగుల ప్రోగ్రాములో) ఎల్1 క్యాష్‌ను, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న వేగవంతమైన మెమరీని, ఆపివేస్తే పెంటియం 3 దాదాపు 386 స్థాయికి దిగివస్తుంది. ఇది మొరటు ఉపాయమే, మధ్యస్థాయి వేగాలు అందవు. అయినా ఖర్చు లేనిది. డాస్ ఆటలే ప్రధానమనుకునేవారికి ఏఎండీ కే6-2 ప్లస్, కే6-3 ప్లస్ ప్రాసెసర్లు మరింత అనువైనవి, ఎందుకంటే వాటి వేగాన్ని నిర్ణయించే మల్టిప్లయర్‌ను చిన్న ప్రోగ్రాముతోనే మార్చుకోవచ్చు.

ఆట ఆడటమొక్కటే లక్ష్యమైతే, కొత్త కంప్యూటర్‌లోనే పాత డాస్ యంత్రాన్ని అనుకరించే డాస్‌బాక్స్ ప్రోగ్రాముతో ఈ తలనొప్పులన్నీ తప్పుతాయి. అసలైన పాత యంత్రమే కావాలనుకునేవారి కోసమే ఈ చర్చ.

ఇక బెంగళూరులో ఏది దొరుకుతుంది, ఏది దొరకదు అన్నది. టౌన్ హాల్ దగ్గరి సదర్ పత్రప్ప రోడ్డు, అంటే అందరి నోట ఎస్పీ రోడ్డు, ఇప్పుడు ఎక్కువగా ల్యాప్‌టాప్‌లు, సీసీ కెమెరాలు, కొత్త విడిభాగాల బజారు. పాత సరుకు సందుల్లోని చిన్న కొట్లలో, మేడ మీది గదుల్లో, చిక్‌పేట పక్క ఆదివారం సంతలో అక్కడక్కడా కనిపిస్తుంది. అలా కనిపించేదాంట్లో ఎక్కువ భాగం ఆఫీసుల నుంచి వచ్చిన పెంటియం 4 కాలపు బోర్డులు, గ్రాఫిక్స్ బోర్డులోనే కలిసి ఉన్న 810 చిప్‌సెట్ బోర్డులు. వీటిలో 810కి ఏజీపీ స్లాటే ఉండదు కనుక, చవకగా వచ్చిందని ఆటల కోసం దాన్ని తీసుకుంటే తర్వాత గ్రాఫిక్స్ కార్డు పెట్టే చోటు ఉండదు. ఐఎస్ఏ కార్డులు, స్లాట్ 1 ప్రాసెసర్లు తగ్గిపోవడానికి మరో కారణం వాటి అంచుల మీది బంగారు పూత: తుక్కు వ్యాపారానికి సౌండ్ కార్డు అంటే శబ్దం కాదు, కత్తిరించి తీసే పసుపు పళ్ల వరుస. పైగా 2012 మే 1న మొదట అమల్లోకి వచ్చి, తర్వాత మారిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం సంస్థలు పాత యంత్రాలను అనుమతి ఉన్నవారికే అప్పగించాలి. పర్యావరణానికి అది అవసరమే, కానీ ఆ దారిన పోయిన పెట్టె మళ్లీ విడిభాగాలుగా బజారు ముఖం చూడటం అరుదు.

అందువల్ల కొనే వరుస కూడా మారాలి. అరుదైనది ముందు, ఎప్పుడైనా దొరికేది చివర. మన ఉదాహరణలో ఐఎస్ఏ సౌండ్ కార్డు మొదట, గ్రాఫిక్స్ కార్డు తర్వాత, కొత్తగా దొరికే నిల్వ పరికరం, ఎస్ఎంపీఎస్ చివర. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో మొదటి ప్రశ్న వేగం గురించి కాదు, ‘గ్లైడ్’ గురించి. 1996లో తొలి ఊడూ కార్డుతో వచ్చిన త్రీడీఎఫ్ఎక్స్ సంస్థ తన కార్డులకు మాత్రమే అర్థమయ్యే గ్లైడ్ అనే సొంత భాషను ఇచ్చింది. ఆ తర్వాతి రెండు మూడేళ్లలో వచ్చిన అనేక ఆటలు ఆ భాషలో మాట్లాడినప్పుడే బాగుంటాయి. ఇంటర్నెట్ కేఫ్‌ల రోజుల నుంచి మనవాళ్లకు బాగా తెలిసిన నీడ్ ఫర్ స్పీడ్ 2 ఎస్ఈ (1997) ఇందుకు మంచి ఉదాహరణ: ఊడూ కార్డు ఉంటే దూరపు కొండల మీద పొగమంచు తేలుతుంది, పురుగులు వచ్చి అద్దానికి కొట్టుకుంటాయి, లేకపోతే భారమంతా ప్రాసెసర్ మీదే పడి బొమ్మ గరుకుగా వస్తుంది. అప్పట్లో మన ఇళ్లలో, కేఫ్‌లలో చాలామంది ఆడింది ఆ గరుకు రూపమే కనుక, ఊడూ కార్డుతో దాన్ని చూడటం తెలిసిన ఆటను కొత్తగా చూడటమే. అయితే 2000 డిసెంబరులో ఎన్‌విడియాకు ఆస్తులు అమ్ముకునే ఒప్పందం చేసుకుని త్రీడీఎఫ్ఎక్స్ రంగం నుంచి తప్పుకుంది. ఆ కార్డులు మళ్లీ పుట్టవు, ఉన్నవాటికి సేకరించేవారి పోటీ.

మన బోర్డుకు ఈ దారిలో రెండు ఎంపికలున్నాయి. ఒకటి, ఏజీపీలో ఊడూ 3. మామూలు తెర పని, త్రీడీ రెండూ ఒకే కార్డు చేస్తుంది, గ్లైడ్ వస్తుంది, 500 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు జోడుగా సరిపోతుంది. లోపం ఏమిటంటే త్రీడీలో 16 బిట్ల రంగులే ఇస్తుంది. 1999 తర్వాతి ఆటల్లో ఆకాశపు ఛాయలు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. రెండోది, ఏజీపీలో ఎన్‌విడియా జీఫోర్స్ 2 ఎంఎక్స్ లాంటి సాదా కార్డు పెట్టి, పీసీఐలో ఊడూ 2 చేర్చడం. ఊడూ 2కు తనంతట తాను విండోస్ తెరను చూపే శక్తి లేదు. మొదటి కార్డు నుంచి ఒక చిన్న కేబుల్ దానిలోకి వస్తుంది, దాని నుంచి మానిటర్‌కు మరొకటి పోతుంది, ఆట మొదలైనప్పుడు మాత్రం అది తెరను తన చేతిలోకి తీసుకుంటుంది. ఆ కేబుల్ నాసిరకమైతే విండోస్‌లో అక్షరాలు కాస్త మసకబారతాయి. ఒక్క ఊడూ 2 అయితే 800×600 వరకు, రెండింటిని జోడిస్తే 1024×768 వరకు. రెండు ఊడూ 2లను వెతికి జోడించడం ముచ్చటే కానీ, ఇదే యంత్రంలో ఒక్క ఊడూ 3 ఆ పనినంతా చేస్తుందని ముందే తెలుసుకుని ఆ ముచ్చటలో దిగాలి.

గ్లైడ్ ఆటల మీద మమకారం లేనివారు త్రీడీఎఫ్ఎక్స్ వెంట పడనవసరమే లేదు. ఒకే సంస్థ కార్డులకు కట్టుబడని డైరెక్ట్‌త్రీడీ, ఓపెన్‌జీఎల్ భాషల ఆటలకు జీఫోర్స్ 2 ఎంఎక్స్ చాలు, అది ఇప్పటికీ బజారులో తగులుతుంది. ఇక్కడ జాగ్రత్త పడవలసింది పేర్ల దగ్గర. టీఎన్‌టీ 2 ఎం64 అంటే టీఎన్‌టీ 2 కాదు. మెమరీ దారి 128 బిట్ల నుంచి 64 బిట్లకు, అంటే సగానికి కుదించినది. జీఫోర్స్ 2 ఎంఎక్స్ 200 కూడా అలాంటిదే. 2002లో వచ్చిన జీఫోర్స్ 4 ఎంఎక్స్ పేరులో నాలుగు ఉన్నా, దాని లోపలి నిర్మాణం రెండో తరానిదే. అసలు జీఫోర్స్ 4 కార్డుల్లోని షేడర్లు (వెలుగునీడల లెక్కలు చేసే భాగాలు) దానిలో లేవు. మన ఉదాహరణలోని 1996–2000 ఆటలకు అది లోపమేమీ కాదు, మోసపోయి ఎక్కువ ధర పెట్టకూడదంతే. కార్డు మీద మెమరీ చిప్‌ల కోసం గీసిన చోట్లలో సగం ఖాళీగా ఉంటే దారి సగానికి కుదించిందేమోనని అనుమానించాలి.

ఇక్కడే వోల్టేజీ మాట కూడా చెప్పుకోవాలి. ఊడూ 3 లాంటి తొలి తరం ఏజీపీ కార్డులు 3.3 వోల్టులవి, 440బీఎక్స్‌లో అవి నిశ్చింతగా కూర్చుంటాయి. పెంటియం 4 కాలపు 845, 865 చిప్‌సెట్లు 1.5 వోల్టులకు మించి భరించవు. స్లాట్‌లోని అడ్డుగీత, కార్డు పళ్లలోని గాడి కలవకపోతే కార్డు దిగదు, దిగకూడదు కూడా. బలవంతంగా నొక్కి బోర్డును కాల్చుకున్నవాళ్లున్నారు.

సౌండ్ కార్డును ఎక్కువమంది చివరికి తోసేస్తారు కానీ, పాత యంత్రానికీ కొత్త యంత్రంలోని డాస్‌బాక్స్ లాంటి ఎమ్యులేటర్‌కూ తేడా ముందుగా తెలిసేది చెవికే. డాస్ ఆటలకు క్రియేటివ్ సంస్థ చేసిన సౌండ్ బ్లాస్టర్ కార్డు ఫలానా చిరునామాలో, సాధారణంగా 220 దగ్గర, ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ను పిలిచే గీత) 5 లేదా 7తో, డీఎంఏ (మెమరీతో నేరుగా మాట్లాడే దారి) 1తో ఉంటుందని గట్టి నమ్మకం. ఐఎస్ఏ కార్డు ఆ నమ్మకాన్ని వమ్ము చేయదు. పీసీఐ కార్డులు, ఉదాహరణకు సౌండ్ బ్లాస్టర్ పీసీఐ 128, డాస్‌లో ఒక చిన్న ప్రోగ్రామును మెమరీలో కూర్చోబెట్టి సౌండ్ బ్లాస్టర్ వేషం వేస్తాయి. ఆ వేషాన్ని కొన్ని ఆటలు నమ్ముతాయి, కొన్ని మొదలుకాకుండానే ఆగిపోతాయి. సంగీతం విషయంలో చూడవలసింది ఎఫ్ఎం పద్ధతిలో స్వరాలను తానే పుట్టించే యమహా ఓపీఎల్3 చిప్. 1992లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ 16 తొలి కార్డులలో అది ఉంటుంది. ఆ తర్వాతి ఏడబ్ల్యూఈ 64 పేరు పెద్దదే కానీ, దానిలో ఓపీఎల్3 బదులు క్రియేటివ్ సంస్థ సొంత అనుకరణ ఉంది. ఎఫ్ఎం సంగీతానికి అలవాటుపడిన చెవికి స్వరాలు కొంచెం లోహపు రుచితో వినిపిస్తాయి. చాలామంది పక్కన పడేసే ఈఎస్ఎస్ 1868, యమహా 719 చిప్‌ల పేరులేని కార్డులు ఈ పనికి నిజంగా మంచివి, కొనేవారి పోటీ లేనివి. బ్రాండు కోసం నెలలు ఆగేకంటే ఇలాంటి కార్డు కనబడిన రోజే తీసుకోవడం తెలివైన పని.

విండోస్ ఆటల కోసం రెండో కార్డుగా పీసీఐలో సౌండ్ బ్లాస్టర్ లైవ్ (1998) పెట్టుకుంటే, గుహలో అడుగుల చప్పుడు ప్రతిధ్వనించేలా చేసే ఈఏఎక్స్ వస్తుంది. రెండు కార్డులు ఒకే యంత్రంలో కాపురం చేయాలంటే ఐఎస్ఏ కార్డుకు కావలసిన ఐఆర్‌క్యూను బయాస్‌లో దానికే కేటాయించాలి. ఇక్కడే తరచు మరచిపోయే చిన్న తీగ ఒకటుంది. ఆ కాలపు కొన్ని ఆటలు, వాటిలో 1996 నాటి క్వేక్ ఒకటి, నేపథ్య సంగీతాన్ని మామూలు ఆడియో సీడీలా డిస్క్ మీదే ఉంచాయి. ఆ సంగీతం సీడీ డ్రైవ్ వెనుక నుంచి నాలుగు పిన్నుల సన్నని తీగ ద్వారా సౌండ్ కార్డుకు చేరుతుంది. తీగ పెట్టకపోతే తుపాకుల మోత వినబడుతుంది, సంగీతం వినబడదు, లోపం ఎక్కడుందో అంతుపట్టదు. కొత్త సాటా (సన్నని కేబుల్) డ్రైవ్‌లలో ఆ పిన్నులు సాధారణంగా ఉండవు కాబట్టి పాత ఐడీఈ (వెడల్పు కేబుల్) సీడీ డ్రైవ్‌ను పారేయకూడదు.

నిల్వకు పాత హార్డ్ డిస్క్ అక్కర్లేదు. ఇరవై ఏళ్లు దాటిన డిస్క్ తిరగడమే వరం. పాత కెమెరాల్లో వాడిన కాంపాక్ట్ ఫ్లాష్ మెమరీ కార్డులు ఐడీఈ పద్ధతిలోనే మాట్లాడతాయి కనుక చిన్న అడాప్టర్‌తో నేరుగా కలుస్తాయి. 16 జీబీ కార్డులో విండోస్ 98, పదుల కొద్దీ ఆటలు పడతాయి. ఆ కాలపు బయాస్‌లు చాలావరకు 32 జీబీ దగ్గర తడబడతాయి, విండోస్ 98 డిస్క్ డ్రైవరేమో 137 జీబీ దగ్గర. కాబట్టి పెద్దది కొనడంలో లాభం లేదు.

ర్యామ్ 256 ఎంబీ చాలు. 512 ఎంబీ దాటితే విండోస్ 98 తన ఫైల్ క్యాష్‌ను హద్దులు లేకుండా పెంచుకుని మొరాయిస్తుంది. కొనేటప్పుడు చిప్‌లు లెక్కపెట్టాలి: 440బీఎక్స్‌కు 256 ఎంబీ ర్యామ్ పట్టీ ఒక్కో పక్కన ఎనిమిది చొప్పున పదహారు చిప్‌లతో ఉండాలి, ఎనిమిదే ఉన్నది పెడితే సగమే కనబడుతుంది, లేదా అసలు కనబడదు.

ఎస్ఎంపీఎస్ దగ్గర పొదుపు చేయకూడదు, ఇది నిక్కచ్చిగా చెప్పవలసిన మాట. 500 మెగాహెర్ట్జ్ పెంటియం 3 తీసుకునేది 28 వాట్లే, మొత్తం యంత్రానికి వంద వాట్లు దాటడం కష్టం. కాబట్టి వాట్ల అంకె కాదు, అవి ఏ తీగలో వస్తున్నాయో చూడాలి. పాత బోర్డులు 5 వోల్టుల తీగ మీద ఎక్కువగా బతుకుతాయి, కొత్త ఎస్ఎంపీఎస్‌లు తమ బలమంతా 12 వోల్టుల తీగలో పెడతాయి. పెంటియం 3కి మంచి సంస్థ చేసిన కొత్తది సరిపోతుంది. 12 వోల్టుల నాలుగు పిన్నుల ప్లగ్గు లేని అథ్లాన్ ఎక్స్‌పీ బోర్డుకైతే లేబుల్ మీద 5 వోల్టుల ఎదురుగా ఎన్ని ఆంపియర్లు రాశారో చదవకుండా కొనకూడదు. పాత ఎస్ఎంపీఎస్ వాడదలిస్తే బోర్డుకు తగిలించకముందే ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి, ఏదైనా పాత డ్రైవ్‌ను భారంగా తగిలించి మల్టీమీటర్‌తో కొలవాలి: 5 వోల్టులు 4.75కు, 5.25కు మధ్య, 12 వోల్టులు 11.4కు, 12.6కు మధ్య ఉండాలి. వెనుక ఎర్ర స్విచ్ 115 వైపు ఉంటే, మన 230 వోల్టులకు అది ఒక్క చప్పుడుతో పోతుంది.

కొట్టులో కార్డును చేతిలోకి తీసుకున్నాక చూడవలసింది మొదట కెపాసిటర్లనే. చిన్న డబ్బాల పైభాగం నాణెంలా చదునుగా ఉందా, బొజ్జ తేలిందా, అంచున గోధుమరంగు జిగురు కారిందా? 2000 తర్వాతి కొన్నేళ్లలో తయారైన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు విస్తారంగా వాడారు. ఆ దశాబ్దం నడిమికి అవి గుంపులుగా ఉబ్బిపోయాయి. ఉబ్బినవాటిని అదే మైక్రోఫారడ్ విలువ, అంతే లేదా ఎక్కువ వోల్టేజీ ఉన్న 105 డిగ్రీల రకంతో మార్చవచ్చు. కనుక మంచి కార్డుకు రెండు ఉబ్బిన కెపాసిటర్లుంటే అది వదిలేసే కారణం కాదు, బేరమాడే కారణం. పళ్ల మీది నలుపును స్కూలు పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్దితే పోతుంది. పచ్చగా తుప్పు పట్టి పూతే లేచిపోతే పోదు. బెంగళూరు పొడి గాలిలో నిలిచిన సరుకులో ఇది తక్కువ, చెన్నై సముద్రపు గాలి తగిలిన సరుకులో ఎక్కువ. ఎస్పీ రోడ్డులో తెలుగు నడుస్తుంది, “అన్నా, ఒకసారి బోర్డుకు పెట్టి చూపిస్తారా?” అని అడిగితే చూపించేవారు కొందరు, చూపించే వీలు లేక ‘టెస్టింగ్ వారంటీ’ ఇచ్చేవారు కొందరు, అంటే ఇంటికి తీసుకెళ్లి రెండు మూడు రోజుల్లో పనిచేయకపోతే వెనక్కి తేవచ్చు. హిందూపురం నుంచి రైల్లో వచ్చి కొనుక్కుపోయేవారు ఆ గడువును బేరంలోనే వారానికి పెంచుకోవాలి.

మానిటర్ మిగిలింది. డాస్ ఆటల 320×200 బొమ్మ 4:3 తెర కోసం గీసినది, సెకనుకు 70 సార్లు మారేది. వెడల్పు తెర మీద మనుషులు పొట్టిగా, లావుగా సాగిపోతారు. 17 అంగుళాల పాత ఎల్‌సీడీ చతురస్రంలా కనిపించినా 1280×1024 అంటే 5:4, అక్కడ కొంచెం పొడుగవుతారు; పైగా చాలా ఎల్‌సీడీలు 70ని 60కి దించి చూపడంతో పక్కకు జరిగే దృశ్యం కుదుపులతో కదులుతుంది. చోటు తక్కువైన అద్దె ఇంటికి 15 అంగుళాల 1024×768 ఎల్‌సీడీ మంచి రాజీ. పాత గాజు గొట్టపు సీఆర్‌టీయే కావాలంటే 17 అంగుళాలది సుమారు 15 కిలోలు తూగుతుంది, బరువంతా ముందు గాజులో ఉంటుంది. ఆటోలో తెచ్చేటప్పుడు తెరను ఛాతీవైపు తిప్పి ఒడిలో పెట్టుకోవాలి, వెనుక సన్నని మెడ భాగానికి దెబ్బ తగలనివ్వకూడదు, ఇంటికి తెచ్చాక ప్లగ్గు తీసి ఉన్నా దాని వెనుక మూత విప్పకూడదు.